పాతపట్నం పంపిన గిరి గారు

పాతపట్నం పేరుతో ఒకప్పుడు లోక్‌సభ స్థానం ఉండేదని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. 1952లో అక్కడి నుంచి గెలిచినవారే వరాహగిరి వెంకటగిరి. ఆ తర్వాత రాష్ట్రపతి అయ్యారు గానీ, మాకు మాత్రం ఆయన సిలోన్‌లో హైకమిషనర్‌గా గడిపిన 1947–51 సంవత్సరాలే ముఖ్యమని తోస్తుంది.

1948లో అక్కడి ప్రభుత్వం పౌరసత్వ చట్టం చేసింది. తరతరాలుగా తేయాకు తోటల్లో చెమటోడ్చిన భారత సంతతి కూలీలు, ఎక్కువగా తమిళులు, లక్షలాదిగా ఏ దేశానికీ చెందనివారయ్యారు. రాయబారి విన్నవించగలడు, పరాయి దేశపు చట్టాన్ని ఆపలేడు. రంగూన్ వలసలు ఎరిగిన మన జిల్లాల వారికి ఆ బాధ వేరే చెప్పాలా?

ఢిల్లీలో గిరి గారికి దక్కింది కార్మిక శాఖ. విదేశాంగం నెహ్రూ గారిదే కనుక, సిలోన్ భారతీయుల గురించి సభలో ప్రశ్నలకు జవాబు చెప్పవలసినవారు ఆయనే. ఆ కష్టం దగ్గరగా ఎరిగినవారు ఒకరు, జవాబుదారు మరొకరు! బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో గిరి గారు మంత్రి పదవి వదులుకున్నారు.

1964లో శాస్త్రి–సిరిమావో ఒప్పందం కుదిరింది. అందులోనూ లక్షన్నర మంది సంగతి తేలలేదు. గిరి గారు 1980లో కన్నుమూశారు. మిగిలిపోయినవారికి పౌరసత్వమిచ్చే చట్టాన్ని శ్రీలంక 2003లో చేసింది.