జాషువాకు పీజీ లేదు, జాషువా మీద పీహెచ్‌డీలున్నాయి

జయంతి కరపత్రాల్లో గుర్రం జాషువా పేరు ముందు కళాప్రపూర్ణ అని వేస్తుంటారు. చాలామంది దాన్ని నవయుగ కవి చక్రవర్తి లాంటి మరో బిరుదు అనుకుంటారు. కాదు. అది ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇచ్చే గౌరవ డాక్టరేట్. 1970లో ఇచ్చారు. అప్పటికి ఆయనకు దాదాపు 75 ఏళ్ళు. మరుసటి ఏడాది, 1971 జులై 24న, గుంటూరులో కన్నుమూశారు. విశ్వవిద్యాలయపు పట్టా ఆ మహాకవి చేతికి అంత ఆలస్యంగా ఎందుకొచ్చింది, వచ్చిన ఆ పట్టాతో ఏమవుతుంది, ఏమి కాదు అన్నది ఇవాళ పీజీ దరఖాస్తు నింపుతున్న మన పిల్లలు తెలుసుకోవాల్సిన విషయం.

1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు జాషువా. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. ఇల్లు క్రైస్తవం. అటు వాళ్ళూ రానివ్వలేదు, ఇటు వాళ్ళూ పూర్తిగా తమవాడనుకోలేదు. బడిలో కులం పేరుతో వెక్కిరింతలు తప్పలేదు. 1910లో మేరీతో పెళ్ళయింది. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి పంతులుగా చేరారు. ఆ ఉద్యోగమూ నిలవలేదు. పొట్టకూటికి రాజమండ్రి వెళ్ళి, మూకీ సినిమాల హాల్లో తెర పక్కన నిలబడి ప్రేక్షకులకు కథ చెప్పే పని చేశారు. మాటల్లేని బొమ్మకు మాట అరువివ్వడం అన్నమాట.

సంస్కృతం ఆయనకు ఏ కాలేజీలోనూ దొరకలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. ఒక బ్రాహ్మణ పండితుడు ఆ రోజుల్లో ఆయనకు కాళిదాసును చెప్పడం చిన్న సంగతి కాదు, ఒప్పుకోవాలి. కానీ అదే వినుకొండలో ఒక అవధాన సభకు వెళితే, తక్కువ కులంవాణ్ణి లోపలికెందుకు రానిచ్చారని గొడవ చేసినవాళ్ళూ ఉన్నారు. ఇష్టపడ్డ గురువు ఒక్కడుంటే చదువు వస్తుంది. సభలో కూర్చునే హక్కు మాత్రం ఒక్కరి మంచితనం వల్ల రాదు.

గుంటూరులో లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు పనిచేశారు. తర్వాత 1942 వరకు గుంటూరులోనే ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పారు. ఉభయ భాషా ప్రవీణ పట్టా తెచ్చుకున్నారు. తెలుగు, సంస్కృతం రెండింటిలో పరీక్ష ఇచ్చి సంపాదించే పట్టా అది. దాంతో బడిలో తెలుగు పండితుడు కావచ్చు. కానీ అది బీఏ కాదు, ఎంఏ కాదు. యూనివర్సిటీ మెట్ల దగ్గర ఆగిపోయే కాగితం.

1941లో గబ్బిలం వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపితే, జాషువా కథానాయకుడు, పేరు లేని అరుంధతీ సుతుడు, కాశీలో ఉన్న శివుడికి గబ్బిలంతో తన గోడు చెప్పి పంపుతాడు. మనిషికి మూసిన గుడి తలుపు గబ్బిలానికి తెరిచే ఉంటుంది కాబట్టి. పరిశోధన అంటే తెలిసిన పాఠాన్ని ఎవరూ చూడని చోటు నుంచి చూసి కొత్త సంగతి తేల్చడమే అయితే, ఇంతకు మించిన సిద్ధాంత గ్రంథం ఏముంది? ఇవాళ ఎంఏ తెలుగు విద్యార్థులు జాషువాను చదువుతారు. ఆ క్లాసు తీసుకోవడానికి కావలసిన అర్హత జాషువాకు కాగితం మీద లేదు.

ఇక్కడే పట్టాల మధ్య తేడా చూడాలి. ఎంఏ, ఎమ్మెస్సీ, ఎంకాం లాంటివి పాఠాలు విని పరీక్షలు రాసే రెండేళ్ళ చదువులు. ఎంఫిల్ అని ఎంఏకూ పీహెచ్‌డీకీ మధ్య ఒక చిన్న పరిశోధన పట్టా ఉండేది. యూజీసీ 2022 నిబంధనలతో దాన్ని తీసేసింది. ఇప్పుడు ఎవరైనా ఎంఫిల్‌లో చేర్చుకుంటామంటే నమ్మి ఫీజు కట్టకండి. పీహెచ్‌డీకి తక్కువలో తక్కువ మూడేళ్ళు పడుతుంది. మొదట కోర్స్‌వర్క్, తర్వాత సొంత పరిశోధన, చివర పరీక్షకుల ముందు వైవా. గౌరవ డాక్టరేట్ వీటిలో దేనికీ సాటి రాదు. పరీక్ష లేదు, గైడ్ లేడు, ఉద్యోగానికి పనికిరాదు. డబ్బు కట్టి గౌరవ డాక్టరేట్లు తెచ్చుకుని ఫ్లెక్సీల మీద డాక్టర్ అని వేయించుకునే మన నాయకులకు ఈ మాట ఎవరైనా చెబితే బాగుండు.

జాషువా కంటే నాలుగేళ్ళు పెద్దవాడైన అంబేద్కర్ పట్టాలు పక్కన పెట్టి చూడండి. కొలంబియాలో ఎంఏ, పీహెచ్‌డీ. లండన్‌లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ. గ్రేస్ ఇన్‌లో బారిస్టర్. ఇవన్నీ చదివి సంపాదించినవి. తర్వాత 1952లో కొలంబియా ఎల్‌ఎల్‌డీ, 1953లో మన ఉస్మానియా డీలిట్ గౌరవంగా ఇచ్చాయి. అంబేద్కర్‌కు బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ దొరికింది. వినుకొండ కుర్రాడికి మూడు రూపాయల జీతం దొరికింది. తెలివిలో తేడా వల్ల వచ్చిన తేడా కాదిది.

గుర్తింపు రాలేదని కాదు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. మద్రాసు ఆకాశవాణిలో పనిచేశారు. 1964లో క్రీస్తు చరిత్రకు సాహిత్య అకాడమీ అవార్డు, అదే ఏడాది శాసనమండలి సభ్యత్వం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. సన్మానాలకు లోటు లేదు. అయితే సన్మానం పొందినవాడు ఎవరినీ పరిశోధనలో చేర్చుకోలేడు, ప్రశ్నపత్రం తయారు చేయలేడు, సిలబస్ కమిటీలో ఏ కావ్యం ఉండాలో ఊడాలో చెప్పలేడు. ఆ అధికారం చదివి సంపాదించిన పట్టాతో వచ్చే కుర్చీకే ఉంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరులో పీజీ కేంద్రం తెరిచింది 1967లో. అప్పటికి జాషువాకు 70 దాటాయి. అదే 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. ఇప్పుడు మిరప కోతలకూ పత్తి తీతకూ వెళ్ళే తల్లుల బిడ్డలు పల్నాడు నుంచీ ప్రకాశం నుంచీ అక్కడికే బస్సెక్కి వస్తున్నారు. వాళ్ళలో ఎంఏతో ఆపేద్దామనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎంఏ తర్వాత నెట్ పాసైతే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు దరఖాస్తు చేయొచ్చు. పరిశోధన చేయించే గైడ్ కావాలంటే మాత్రం పీహెచ్‌డీ ఉండాల్సిందే. జేఆర్‌ఎఫ్ కాకపోయినా నెట్ మార్కుల మీద ఎస్సీ విద్యార్థులకు విడిగా జాతీయ ఫెలోషిప్ ఉంది.

జాషువా పోయిన తర్వాత ఆయన సాహిత్యం మీద పరిశోధన చేసినవాళ్ళలో దళిత కవి ఎండ్లూరి సుధాకర్ ఒకరు. ఆయన తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడై, తన విద్యార్థుల చేత పరిశోధనలు చేయించారు.