భండారు అచ్చమాంబ: వ్రాయక మిగిలిన రెండవ భాగము

మన ఇండ్లలో పిల్లలకు కథలు చెప్పుట కొత్త కాదు. మారాము చేయు పిల్లవానికి ధ్రువుని కథయు, నిద్రపట్టని బాలికకు నలదమయంతుల కథయు చెప్పి లాలించిన అమ్మమ్మలు కృష్ణాతీరమున ప్రతి గ్రామమునను ఉండిరి. కాని అశోకుడెవరో, శాతవాహనులెవరో, ఊరి చివరి దిబ్బలో ఏమి దాగియున్నదో చెప్పగలిగిన తల్లులు అరుదు. చెప్పవలెనన్న ముందు తాము చదివియుండవలెను. చదువుటకు తెలుగులో పుస్తకముండవలెను. పుస్తకమున్నను ఆడుదానికి అక్షరజ్ఞానముండవలెను. ఈ లోపములను తీర్చుటకు పూనుకొని, ముప్పది యేండ్లకే లోకము విడిచిన స్త్రీ భండారు అచ్చమాంబ.

ఆమె 1874లో, నాటి కృష్ణా జిల్లాలోని పెనుగంచిప్రోలులో జన్మించెను. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య, తల్లి గంగమ్మ. తండ్రి గతించునాటికి ఆమెకు ఆరేండ్లు. తమ్ముడు లక్ష్మణరావు ఆమెకంటె మూడేండ్లు చిన్న. పదియేండ్ల ప్రాయమున మేనమామ భండారు మాధవరావుగారితో ఆమెకు వివాహమయ్యెను. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరు ఉద్యోగము చేయుచుండిరి. అచ్చమాంబ కాపురమునకు వెళ్లిన పిమ్మట తల్లియు తమ్ముడును అచటికే చేరిరి.

ఆమె బడిగడప త్రొక్కి ఎరుగదు. ఆమెకు గురువు తమ్ముడే. అక్కయింట నుండి నాగపురమున చదువుకొనిన ఆ బాలుడే ఆమెకు తెలుగు, హిందీ భాషలు నేర్పెను. తరువాత ఆమె తన కృషిచేతనే మరాఠీ, బెంగాలీ, గుజరాతీ భాషలను, కొంత సంస్కృతమును అలవరచుకొనెను. వయసున చిన్నవాడు గురువై, పెద్దది శిష్యురాలై సాగిన ఆ ఇంటిచదువు తెలుగు దేశమునకు ఇద్దరు చరిత్రకారులను ఇచ్చెనన్న అతిశయోక్తి కాదు.

సంసారమున ఆమెకు సుఖము నిలువలేదు. కన్న కొడుకును, కూతురును పసితనముననే పోగొట్టుకొనెను. ఆ దుఃఖములో మునిగిపోక, అనాథలైన బాలబాలికలను తన ఇంట చేర్చుకొని, అన్నము పెట్టి విద్య చెప్పించెను. తనకు ఇల్లే బడియైనట్లు, తన ఇంటిని వారికి బడిగా చేసెను.

స్త్రీలు స్వభావముచేతనే అబలలనియు, అవివేకులనియు, చదివినచో చెడుదురనియు పెద్దలు నిస్సంకోచముగా పలుకుచుండిన కాలమది. వారితో వాదమునకు దిగుటకంటె, చరిత్రనే సాక్ష్యమునకు పిలుచుట మేలని అచ్చమాంబ తలచెను. పలుభాషల గ్రంథములను వెదకి, మన దేశమున విద్యచేతను, శౌర్యముచేతను, రాజ్యపాలనముచేతను పేరొందిన స్త్రీల చరిత్రలను కూర్చెను. అదియే అబలాసచ్చరిత్ర రత్నమాల. కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానిని చింతామణి పత్రికలో ప్రకటించి, 1901లో గ్రంథరూపమున వెలువరించిరి. నాటికి దొరకిన ఆధారములతో వ్రాసినదగుటచే, అందు ఐతిహ్యమును చరిత్రయు అక్కడక్కడ కలిసియుండవచ్చును. అయినను స్త్రీల చరిత్రను స్త్రీయే వ్రాయగా తెలుగువారు చూచుట అదియే మొదలు. ఒక్కొక్క చరిత్ర దేనికదియే పూర్ణమగుటచే, రాత్రి భోజనములైన తరువాత తల్లి దీపము ముందు కూర్చుండి పిల్లలకు చదివి వినిపించుటకు అనువైన గ్రంథమది.

గ్రంథము వ్రాసి ఊరకుండుట ఆమెకు చేతకాలేదు. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును స్థాపించెను. పురాణకాలక్షేపమునకు దేవాలయమునకు పోవుట తప్ప ఇల్లు కదలని గృహిణులు, ఒకచోట చేరి చదువుకొనుటకు, మాటలాడుకొనుటకు బందరు అట్లు త్రోవ చూపెను. ఆ పిమ్మట ఆమె ఆంధ్రదేశమున పలుచోట్ల సంచరించి అట్టి సమాజములను నెలకొల్పెను. ధనత్రయోదశి, స్త్రీవిద్య మొదలగు కథలు వ్రాసినదియు ఆ కాలముననే. గురజాడవారి దిద్దుబాటు వెలువడినది 1910లో అని తలచుకొనినచో, ఈ కథల ముందుచూపు తెలియగలదు.

అబలాసచ్చరిత్ర రత్నమాలను ఆమె మూడు భాగములుగా సంకల్పించెను. మొదటిది చారిత్రక యుగపు భారతస్త్రీలది. రెండవది వేద, పురాణ, బౌద్ధ కాలములవారిది. మూడవది పరదేశ స్త్రీలది. రెండవ భాగము ఆరంభించెనే కాని ముగించలేకపోయెను. ప్లేగు రోగులకు పరిచర్య చేయుచు తానును జబ్బుపడి, 1905 జనవరి 18న కన్నుమూసెను.

అనగా మన ప్రాచీన చరిత్రయే వ్రాయక మిగిలినది. ఆ కొరత ఎంతటిదో దివిసీమవారికి చెప్పనక్కరలేదు. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల బౌద్ధస్థలములను గూర్చి అలెగ్జాండర్ రే వ్రాసిన గ్రంథము 1894లోనే వెలువడినది. కాని అది ఆంగ్లమున నుండెను. గుడివాడ దిబ్బ ప్రక్కన పశువులను మేపుకొను బాలునికి, వాని తల్లికి అది అందునది కాదు. మరియు 1926లో నాగార్జునకొండ శిథిలములు వెలుగుచూచిన తరువాత, ఇక్ష్వాకు వీరపురుషదత్తుని కాలపు శాసనమొకటి చదువబడినది. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున బోధిశ్రీ అను ఉపాసిక చేసిన దానములను అది వివరించును. కంటకసేల మహాచైత్యము తూర్పు వాకిట ఆమె కట్టించిన రాతి మండపము వాటిలో ఒకటి. కంటకసేల యన్నది నేటి ఘంటసాలయే. అచ్చమాంబ జీవించియుండినచో తన రెండవ భాగమున ఆ ఉపాసికకు పెద్దపీట వేసియుండెడిది. ఆమె పోయిన ఇరువదియొక్క యేండ్లకు కాని ఆ కొండ తన గుట్టు విప్పలేదు.

అక్క ఆరంభించిన పనిని తమ్ముడు విడువలేదు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు 1906లో మిత్రులతో కలిసి విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ఆ మండలి పక్షముననే వెలువడి, పండితులకు మాత్రమే దక్కుచుండిన చరిత్రను సామాన్యుని ఇంటికి చేర్చెను.

నేడు పుస్తకములకు కరవులేదు; తల్లులకు చదువునకు కరవులేదు. ఘంటసాలలో స్తూపము ఉన్నది, దాని చెంత పురావస్తు ప్రదర్శనశాలయు ఉన్నది. బందరునుండి ఒక ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని పోయి, తూర్పు వాకిటి దిక్కున నిలిచి, ఇచట మండపము కట్టించిన ఆమె పేరు బోధిశ్రీ అని చెప్పుటకు పాండిత్యమేమియు అక్కరలేదు. అచ్చమాంబ వ్రాయక విడిచిన పుటలను అట్లు నోటిమాటగానైన పూరింపవచ్చును.