మూడోసారికి మెట్రిక్ పాసైన డాక్టర్ గారు



ఈ పేజీ చదువుతున్న అమ్మల్లో చాలామంది కడుపుతో ఉన్నప్పుడు ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకునే ఉంటారు. ఇంటింటికీ తిరిగి పంచే బోదకాలు మాత్ర కూడా మనకు కొత్త కాదు. తొమ్మిదో తరగతి పిల్లలు సైన్స్‌లో ఏటీపీ గురించి చదువుతారు. ఈ మూడింటి వెనకా ఒకే తెలుగాయన కృషి ఉంది. రొమ్ము క్యాన్సర్ వైద్యంలోనూ ఉంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పదమూడేళ్ల వయసులో, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి బయల్దేరారు. తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసయ్యారు. ఆ తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు వేసుకోవడం సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. దాంతో ఎంబీబీఎస్ రాలేదు, దానికన్నా చిన్నదైన ఎల్ఎంఎస్ మాత్రమే వచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. ఆ దెబ్బ ఆయన్ను పరిశోధన వైపు నడిపించింది.

1920ల మొదట్లో మామగారి సాయంతో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, ఖర్చుల కోసం రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు కడిగారు. అక్కడే సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్‌తో కలిసి, రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అది అచ్చయింది. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించగలిగారు. జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త కూడా అదే సంవత్సరం విడిగా ఏటీపీని కనుగొన్నారు.

మరి దీనికీ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం ఏమిటి? మన శరీరంలో ప్రతి కణానికీ బయటి నుంచి కబుర్లు వస్తాయి. ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి అనేది ఆ కబుర్లే చెబుతాయి. వాటిని అందుకునే ప్రొటీన్లను రిసెప్టర్లు అంటారు. కబురు అందగానే హెర్‌2 లాంటి రిసెప్టర్ ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తీసుకుని స్విచ్ ఆన్ చేస్తుంది. అలా ఒక ప్రొటీన్ నుంచి ఇంకో ప్రొటీన్‌కు మారుతూ కబురు కణం మధ్యలోని కేంద్రకం వరకు వెళుతుంది. పని అయ్యాక స్విచ్ ఆఫ్ అవ్వాలి. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతం వాటిలో హెర్‌2 మోతాదు మించి ఉంటుంది. స్విచ్ ఆన్‌లోనే ఉండిపోయి, కణం ఆగకుండా పెరుగుతుంది. చాలామందిలో ఈస్ట్రోజెన్ హార్మోన్ నుంచి వచ్చే కబురు ఆ పని చేస్తుంది.

ఈ దారులు బయటపడింది సుబ్బారావు గారు పోయిన చాలా ఏళ్ల తర్వాతే. కానీ ఆ స్విచ్‌లు వాడే ఏటీపీ ఆయన గుర్తించినదే. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ హెర్‌2ను కణం బయటి నుంచి పట్టుకుంటుంది. లపాటినిబ్ అనే మాత్ర లోపలికి వెళ్లి ఏటీపీ కూర్చునే చోటునే ఆక్రమిస్తుంది. టామోక్సిఫెన్ ఈస్ట్రోజెన్ కబురును అడ్డుకుంటుంది.

హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరకక, 1940లో ఆయన లెడర్లీ ల్యాబ్స్‌కు మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ జబ్బుకు అది ఉపయోగపడింది. ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూనే దాని పనిని అడ్డుకునే మందులనూ ఆ బృందమే చేసింది. వాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. కణం రెండుగా చీలాలంటే కావలసిన డీఎన్ఏ తయారీని అది ఆపుతుంది. 1970ల నుంచి మరో రెండు మందులతో కలిపి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఎందరికో దాన్ని ఇచ్చారు. అదంతా చూడడానికి ఆయన లేరు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే న్యూయార్క్‌లో కన్నుమూశారు.

అమ్మలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు ఒక మనవి. రొమ్ములో గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినట్టున్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే డాక్టర్‌కు చూపించండి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు. ఒకవేళ అయితే, ముక్క తీసి ఏ రిసెప్టర్ ఉందో పరీక్షిస్తారు. దాన్ని బట్టే మందు ఉంటుంది. పక్కింటావిడకు ఇచ్చిన మందు మనకు ఇవ్వలేదని చికిత్స మానేయకూడదు.

పిల్లల విషయమూ అంతే. పక్కింటి పిల్లాడి మార్కులు మన పిల్లాడికి కొలత కాదు. ఈ నెల ప్రోగ్రెస్ కార్డు చేతికి అందినప్పుడు, మూడోసారి పరీక్షకు కొడుకును పంపిన వెంకమ్మ గారిని ఒక్కసారి తలుచుకోండి.

— ఇంగ్లిష్ మీడియం టీచర్, సుబేదారి బ్రాంచ్