సొంత ఇల్లు లేని లాల్ బహదూర్

ఎల్.బి.నగర్ అనే మాట మనం రోజుకు పదిసార్లు వింటాం. కండక్టర్ కేకలో, ఆటో బేరంలో, మెట్రో రైలు ప్రకటనలో. ఆ రెండు అక్షరాల వెనుక ఉన్న మనిషి ఎవరో మాత్రం చాలామందికి గుర్తుండదు. ఆయన మన రెండవ ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి. పక్కనున్న దిల్‌సుఖ్‌నగర్‌కు పేరిచ్చిన దిల్‌సుఖ్ రాం పర్షాద్ ఒక జాగీర్దారు. తన పొలాన్ని ఇళ్ల స్థలాలుగా విభజించాడు. ఎల్.బి.నగర్‌కు పేరిచ్చిన శాస్త్రి గారికి మాత్రం చనిపోయేనాటికి సొంత ఇల్లు లేదు. ఊరూ ఇల్లూ విడిచి వచ్చి హాస్టల్లో చదువుకునే మనం ఆయన జీవితాన్ని తప్పక తెలుసుకోవాలి.

శాస్త్రి గారు 1904 అక్టోబర్ 2న ఉత్తరప్రదేశ్‌లోని మొగల్‌సరాయ్‌లో జన్మించారు. తండ్రి శారదా ప్రసాద్ బడిపంతులుగా పనిచేసి, తరువాత అలహాబాద్ రెవెన్యూ కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. బిడ్డకు రెండేళ్లు నిండకముందే ఆయన చనిపోయారు. తల్లి రాందులారీ దేవి పిల్లలను తీసుకుని పుట్టింటికి చేరింది. కొద్దికాలానికి తాతగారు కూడా కన్నుమూశారు. ఆ తరువాత బంధువుల ఇళ్లలోనే చదువు సాగింది. ఎండాకాలంలో కూడా చెప్పులు లేకుండా మైళ్ల దూరం బడికి నడిచారు. ఇంకొకరి కప్పు కింద పడుకుని, ఇంకొకరు పెట్టిన అన్నం తిని చదువుకోవడం ఎలా ఉంటుందో ఆయనకు చిన్ననాడే తెలుసు.

కులాన్ని తెలిపే ఇంటిపేరును ఆయన వదిలేశారు. గాంధీజీ పిలుపుతో 1921లో, మెట్రిక్ పరీక్షకు కొద్ది నెలల ముందు బడి మానేశారు. తరువాత కాశీ విద్యాపీఠంలో చదివి 1925లో శాస్త్రి పట్టం పొందారు. అదే ఆయన పేరులో నిలిచిపోయింది. లాలా లజపతిరాయ్ స్థాపించిన లోక్ సేవక్ మండల్‌లో చేరి, ముజఫర్‌పూర్‌లో హరిజనుల అభ్యున్నతి కోసం పనిచేశారు. పెళ్లికి కట్నంగా ఒక రాట్నం, కొన్ని గజాల ఖద్దరు తప్ప మరేమీ తీసుకోలేదు. స్వాతంత్ర్య పోరాటంలో ఏళ్ల తరబడి జైళ్లలో గడిపారు.

1947లో స్వాతంత్ర్యంతో పాటు దేశ విభజన వచ్చింది. అప్పుడు ఆయన ఉత్తరప్రదేశ్‌లో పోలీసు, రవాణా శాఖల మంత్రి. పశ్చిమ పంజాబ్ నుండి కట్టుబట్టలతో వచ్చిన శరణార్థులు ఒకవైపు, ప్రాణభయంతో ఇళ్లు విడుస్తున్న ముస్లింలు మరొకవైపు. అల్లర్లు అణచడం, వచ్చినవారికి నీడ చూపడం అప్పటి ప్రభుత్వానికి అతి కష్టమైన పని. ఆ బాధ్యతలో పెద్ద వంతు ఆయన భుజాల మీద పడింది. జనాన్ని చెదరగొట్టడానికి లాఠీలకు బదులు నీటి గొట్టాలు వాడించింది, బస్సుల్లో మహిళా కండక్టర్లను నియమించింది ఆయనే.

1952లో రైల్వే మంత్రి అయ్యారు. 1956 సెప్టెంబర్‌లో మన మహబూబ్‌నగర్ దగ్గర జరిగిన రైలు ప్రమాదంలో వందమందికి పైగా చనిపోగా, నైతిక బాధ్యత తనదేనంటూ రాజీనామా ఇచ్చారు. నెహ్రూ గారు అంగీకరించలేదు. కొద్ది నెలలకే అరియలూర్‌లో మరో ఘోర ప్రమాదం జరిగింది. ఈసారి పదవి వదిలి తీరారు. తరువాత కేంద్ర హోం మంత్రి కూడా అయ్యారు. స్నేహితులు ఆయనను ఇల్లు లేని హోం మంత్రి అని హాస్యమాడేవారని చెబుతారు.

1964 జూన్‌లో ప్రధానమంత్రి అయ్యేసరికి ఎదురుగా నిలిచిన సమస్యల్లో ఒకటి మన తెలుగువారిది కూడా. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుండి వేలాది కూలీలు ఓడలెక్కి రంగూన్ వెళ్లి, రేవులోనూ ధాన్యం మిల్లుల్లోనూ తరాలుగా పనిచేశారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ వారిని కోరంగీలు అనేవారు. 1942లో జపాన్ బాంబులకు భయపడి కొందరు అడవులు, కొండల గుండా కాలినడకన వచ్చారు. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలను జాతీయం చేసి పెద్ద నోట్లను రద్దు చేసింది. సుమారు మూడు లక్షల మంది భారతీయులు అన్నీ వదిలి వచ్చేశారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు అలా వెలిసినదే.

అదే ఏడాది అక్టోబర్ 30న శ్రీలంక ప్రధాని సిరిమావో బండారనాయకేతో శాస్త్రి గారు ఒప్పందం చేసుకున్నారు. అక్కడి తేయాకు తోటల్లో పనిచేసే భారత సంతతివారు 1948 చట్టంతో ఏ దేశానికీ చెందకుండా పోయారు. మొత్తం 9,75,000 మందిలో 5,25,000 మందిని భారత్, 3,00,000 మందిని శ్రీలంక తీసుకోవాలని, మిగిలిన లక్షన్నర సంగతి తరువాత తేల్చాలని నిర్ణయించారు. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. అక్కడే పుట్టి పెరిగిన ఆ కూలీలను మీరు ఎక్కడ ఉంటారని ఎవరూ అడగలేదు. మనుషులను లెక్కలుగా పంచుకున్నారన్న విమర్శ అప్పుడూ వచ్చింది, ఇప్పటికీ ఉంది. అక్కడ మిగిలినవారి సమస్య 2003లో శ్రీలంక చేసిన పౌరసత్వ చట్టంతో గాని తీరలేదు. అయితే పౌరసత్వం లేని మనిషికి ఒక దేశం ఉండాలన్న బాధ్యతను శాస్త్రి గారు తప్పించుకోలేదు. బర్మా, శ్రీలంకల నుండి వచ్చినవారికి అప్పులిచ్చి నిలబెట్టడానికి 1969లో రెప్కో బ్యాంకు ఏర్పడింది. కప్పు ఒక్కటే చాలదు, పని, చదువు, కాగితం కూడా కావాలన్నది ఆ అనుభవం నేర్పిన పాఠం.

1965లో యుద్ధం వచ్చింది. జవానుకూ రైతుకూ కలిపి జయం పలికిన ఆయన నినాదం దేశమంతా మార్మోగింది. ఆ డిసెంబర్‌లో రంగూన్ వెళ్లి వచ్చారు. 1966 జనవరి 11న తాష్కెంట్‌లో, శాంతి ఒప్పందం మీద సంతకం చేసిన కొద్ది గంటలకే కన్నుమూశారు. ఇల్లు లేదు, ఆస్తి లేదు. కారు కోసం బ్యాంకులో తీసుకున్న 5,000 రూపాయల అప్పు మాత్రం మిగిలింది. ఆయన భార్య లలితా దేవి గారు తన పెన్షన్ నుండి దానిని తీర్చారు.

ఎల్.బి.నగర్ నుండి కొద్ది కిలోమీటర్లు వెళితే బాలాపూర్ వస్తుంది. బర్మా నుండే వచ్చిన రోహింగ్యా కుటుంబాలు 2012 తరువాత అక్కడి గుడిసెల్లో చేరాయి. మనవారిని ఒకప్పుడు వెళ్లగొట్టిన దేశమే వారినీ వెళ్లగొట్టింది. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. శరణార్థుల కోసం మనకు ప్రత్యేక చట్టమూ లేదు. ప్రభుత్వం వారిని అక్రమ వలసదారులుగానే చూస్తోంది. వారు ఉండాలా పోవాలా అన్నది ప్రభుత్వాలూ కోర్టులూ తేల్చే విషయం. కాని ఆ గుడిసెలో పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్లవాడిని ఎలా చూడాలన్నది మనం తేల్చుకోవాలి.

మిత్రులారా, మొదటిరోజు ట్రంకు పెట్టె పట్టుకుని హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డ సంగతి మనలో ఎవరం మరిచిపోలేదు. ఆ రోజు ఎవరో ఒక అన్న వచ్చి పెట్టె అందుకుని, పడుకోవడానికి చోటు చూపించాడు. ఎల్.బి.నగర్ అన్న పేరు విన్నప్పుడల్లా ఆ గేటు గుర్తుకు రావాలి. చోటు దొరికినవాడు ఇంకొకడికి చోటు చూపించాలి. శాస్త్రి గారి జీవితం నుండి మనం నేర్చుకోవలసింది అదే.