ఛార్జర్ మీది పేరు – ఆంపియర్

కొత్తగూడలో రోడ్డు పక్కన సెల్‌ఫోన్ ఛార్జర్ కొనేటప్పుడు మనం ధర అడుగుతాం, గ్యారంటీ అడుగుతాం. దాని వెనుక సన్నని అక్షరాల్లో 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉన్నది మాత్రం చదవం. ఆ ఆంపియర్ ఒక మనిషి పేరు.

ఆంద్రే మరీ ఆంపియర్ 1775 జనవరి 20న ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జన్మించారు. తండ్రి వ్యాపారి. కొడుకును బడికి పంపకుండా ఇంట్లోని పుస్తకాలకు వదిలేశారు. పెద్ద గణిత గ్రంథాలు లాటిన్‌లో ఉన్నాయని తెలిసి ఆ పిల్లవాడు లాటిన్ నేర్చుకున్నాడు. 1793లో, ఫ్రెంచి విప్లవ కాలంలో, తండ్రికి మరణశిక్ష అమలు చేశారు. పద్దెనిమిదేళ్ల ఆంపియర్ ఆ దుఃఖంలో ఏడాదిపాటు చదువు వదిలేశారు. 1803లో భార్య జూలీ కూడా చనిపోయారు. చిన్న కొడుకు మిగిలాడు. అయినా ఆయన చదువు ఆగలేదు. 1809లో ప్యారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో ప్రొఫెసర్ అయ్యారు.

తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని డెన్మార్క్ శాస్త్రవేత్త అయిర్‌స్టెడ్ కనిపెట్టారు. 1820 సెప్టెంబరులో ఆ ప్రయోగాన్ని ప్యారిస్ సైన్స్ అకాడమీలో చేసి చూపారు. వారం రోజుల్లోనే ఆంపియర్ తన పరిశోధనతో అదే సభ ముందు నిలబడ్డారు. పక్కపక్కనున్న రెండు తీగల్లో కరెంటు ఒకే దిశలో పారితే అవి దగ్గరకు లాక్కుంటాయని, ఎదురు దిశల్లో పారితే నెట్టుకుంటాయని నిరూపించారు. 1836 జూన్ 10న మార్సెయిల్‌లో కన్నుమూశారు. 1881లో ప్యారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ కరెంటు కొలతకు ఆయన పేరు పెట్టింది.

ఇక మన ఛార్జర్ సంగతి. వోల్టు తోసే బలం, ఆంపియర్ పారే కరెంటు. రెండింటినీ గుణిస్తే వాట్లు. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అంటే 10 వాట్లు. బ్యాటరీ మీద 5000 మిల్లీ ఆంపియర్ అవర్లు అని ఉంటే, ఒక ఆంపియర్ కరెంటును 5 గంటలపాటు ఇవ్వగల నిల్వ అని అర్థం. బ్యాటరీ వోల్టేజి 3.7 అయితే ఆ నిల్వ 18.5 వాట్ అవర్లు. 10 వాట్ల ఛార్జర్‌తో, వేడిగా పోయేది కూడా కలుపుకుంటే, నిండడానికి రెండు గంటలు దాటుతుంది. వోల్టులు సరిపోయినప్పుడు ఛార్జర్ మీద ఆంపియర్లు ఎక్కువున్నా భయం లేదు. ఫోన్ తనకు కావలసినంతే తీసుకుంటుంది.

మేమున్న గదిలో ఎనిమిది మందికి ఒకటే ప్లగ్గు. ఈ లెక్క తెలియక ఒక ఫోన్ రాత్రంతా దానికే వేలాడేది. తెల్లవారి పరీక్షకు పోవలసినవాడి ఫోన్ ఆరిపోయి ఉండేది. లెక్క తెలిశాక గంటల చొప్పున వంతులు వేసుకున్నాం.

తమ్ముళ్లారా, బడి గడప తొక్కని మనిషి కొలత మన గోడ మీది ప్లగ్గు దాకా వచ్చింది. ఈ రాత్రి ఛార్జర్ పెట్టేముందు వెనక్కి తిప్పి ఆ పేరు ఒకసారి చదవండి.