డన్లప్ కొడుకు సైకిలు, మన కారు టైరు



సెలవులు ఇవ్వగానే పిల్లల్ని కారెక్కించుకుని గుంటూరుకో, ఏలూరుకో, అమ్మమ్మగారి ఊరికో బయలుదేరతారు. దారిలో టైర్ల షాపు దగ్గర ఆగితే ఒక ప్రశ్న ఎదురవుతుంది: నైట్రోజన్ కొట్టించాలా, మామూలు గాలి చాలా? జవాబు చెప్పుకునే ముందు, టైరులోకి గాలిని తెచ్చిన ఒక తండ్రి గురించి తెలుసుకుందాం.

జాన్ బాయిడ్ డన్లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లాండులోని డ్రెగ్‌హార్న్‌లో రైతు కుటుంబంలో పుట్టాడు. ఆయన ఇంజినీరు కాదు, పశువైద్యుడు. ఎడింబరోలో చదువుకుని, ఐర్లాండు వెళ్ళి, బెల్‌ఫాస్ట్‌లో పెద్ద ప్రాక్టీసు పెట్టాడు.

ఆయన కొడుకు జానీకి మూడు చక్రాల సైకిలు ఉండేది. ఆ రోజుల్లో చక్రాలకు గట్టి రబ్బరు పట్టీలే. రాళ్ళు పరిచిన వీధుల్లో తొక్కితే ఒళ్ళు హూనమయ్యేది. 1887లో డన్లప్ పలుచని రబ్బరుతో గొట్టం చేసి, చెక్క చక్రం చుట్టూ బిగించి, ఫుట్‌బాల్ పంపుతో గాలి కొట్టాడు. పెరట్లో దాన్నీ, సైకిలు చక్రాన్నీ దొర్లించి చూస్తే గాలి చక్రమే ఎక్కువ దూరం వెళ్ళింది. 1888లో పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది విల్లీ హ్యూమ్ అనే ఆటగాడు ఆ టైర్లతో బెల్‌ఫాస్ట్ పందేల్లో గెలిచాక లోకం ఇటు తిరిగింది.

అయితే ఆ పేటెంటు నిలవలేదు. రాబర్ట్ థామ్సన్ అనే మరో స్కాట్లాండు వ్యక్తి 1840లలోనే ఇలాంటి టైరుకు పేటెంటు తీసుకున్నాడని తేలింది. కంపెనీ ఇతరుల చేతుల్లో పెరిగింది. డన్లప్ పేరు ప్రపంచమంతా వ్యాపించినా, ఆయనకు దక్కిన సంపద తక్కువే. 1921 అక్టోబరు 23న డబ్లిన్‌లో కన్నుమూశాడు.

ఇక మన ప్రశ్న. డన్లప్ పంపుతో కొట్టిన మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్ళు నైట్రోజన్ ఉంది. షాపులో డబ్బిచ్చి కొనేది మిగతా భాగం చాలావరకు తీసేసిన, తేమ లేని గాలి. విమానాల టైర్లలో నైట్రోజన్ వాడటానికి బలమైన కారణం ఉంది: దిగేటప్పుడు బ్రేకులు విపరీతంగా వేడెక్కుతాయి, టైరు లోపల ఆక్సిజన్ ఉంటే మంట ప్రమాదం. మన కారుకు ఆ అవసరం లేదు.

మరి గాలి తగ్గకుండా ఉంటుందా? కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే అమెరికా పత్రిక 31 రకాల టైర్లను 30 పీఎస్‌ఐతో నింపి ఏడాదిపాటు గమనించింది. మామూలు గాలి 3.5 పీఎస్‌ఐ తగ్గితే, నైట్రోజన్ 2.2 తగ్గింది. తేడా ఉంది, కానీ చిన్నది. అసలు సంగతేమిటంటే రెండూ తగ్గాయి. ఆకుపచ్చ మూత పెట్టించాం కదా అని నెలల తరబడి చూడకుండా వదిలేయడమే ప్రమాదం.

గాలి తక్కువైన టైరు పక్కలు ప్రతి చుట్టుకీ నలుగుతాయి, లోపల వేడి పెరుగుతుంది. రోహిణి కార్తె ఎండలో, హైవే మీద, పిల్లలూ సామానూ నిండిన కారులో అలాంటి టైరు పేలిపోవచ్చు. అప్పుడు అందులో ఏ గాలి ఉన్నా ఒకటే.

కాబట్టి నైట్రోజన్ దగ్గరలో దొరికి, ఖర్చు భారం కాకపోతే కొట్టించుకోండి. లేకపోతే పెట్రోల్ బంకులో ఉచితంగా దొరికే గాలి చాలు. నైట్రోజన్ ఉన్న టైరులో మామూలు గాలి కలిపినా నష్టం లేదు. నెలకోసారి, దూరప్రయాణానికి ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించండి. ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసి ఉంటుంది. స్టెప్నీని మరవకండి. ప్రయాణం మధ్యలో వేడికి ప్రెషర్ పెరిగి కనిపిస్తుంది, అది సహజం. అప్పుడు గాలి తీయించకండి.

ఈ ఆదివారం ఉదయం గేజి మీ పిల్లల చేతికిచ్చి, నాలుగు టైర్ల అంకెలూ చదివించండి. డన్లప్ కథ కూడా చెప్పండి. కొడుకు సుఖంగా తిరగాలని ఆ తండ్రి చూపిన శ్రద్ధే టైరుకు ప్రాణం పోసింది. మన కారుకూ కావలసింది ఆ శ్రద్ధే.