ఇమాం కుమార్తె మోజా

ఒమాను రాజధాని మస్కట్‌లో పాత రేవుకు ఇరువైపులా కొండలపై రెండు కోటలు ఉన్నాయి. వాటి పేర్లు మీరానీ, జలాలీ. పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో వాటిని కట్టించారు. ఒకప్పుడు ఆ నగరాన్ని శత్రువుల ముట్టడి నుండి కాపాడిన వ్యక్తి ఒక స్త్రీ. ఆమె పేరు సయ్యిదా మోజా బింత్ అహ్మద్.

ఆమె తండ్రి అహ్మద్ బిన్ సయీద్, నేటికీ ఒమానును ఏలుతున్న అల్ బూసయీద్ వంశానికి మూలపురుషుడు. ఆయన దేశానికి ఇమాం, 1783లో మరణించాడు. ఒమాను చరిత్రకారులు మోజాను ఇమాం కుమార్తె అనే మాటతోనే పేర్కొన్నారు.

తెలుగు మళ్లీ నేర్చుకొంటున్న మీరు ఇక్కడ ఒక విషయం గమనించాలి. మన వ్యాకరణంలో అతడు వచ్చాడు అంటాము. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది అంటాము. పురుషునికి ఒక క్రియారూపం, స్త్రీకీ పశువుకూ మరొక రూపం. వారు వచ్చారు అన్నప్పుడు మాత్రమే ఈ భేదం పోతుంది. అందుచేత ఈ వ్యాసంలో ఆమెకు గౌరవ బహువచనమే వాడుతున్నాను.

1804లో మోజా సోదరుడు, ఒమాను పాలకుడు సుల్తాన్ బిన్ అహ్మద్ సముద్రంపై జరిగిన పోరులో మరణించాడు. ఆయన కుమారులు సాలిం, సయీద్ అప్పటికి బాలురు. బంధువులు రాజ్యంపై కన్ను వేశారు. సహాయం చేయవచ్చిన బద్ర్ బిన్ సైఫ్ అధికారాన్ని తానే చేజిక్కించుకొన్నాడు. అతడు కూడా మోజాకు మేనల్లుడే. 1806లో సయీద్ అతనిని వధించి రాజ్యం పొందాడు. ఆ ఆలోచనలో మేనత్తకు పాలు ఉన్నదని చరిత్రలు చెబుతున్నాయి. దీనిని దాచి ఆమెను దేవతగా చూపడం నాకు సమ్మతం కాదు. రాచకుటుంబాలలో పురుషులు చేస్తూ వచ్చిన పనిలోనే ఆమె కూడా పాలు పంచుకొన్నారు.

ముట్టడి కథను సయీద్ కుమార్తె సల్మా తన గ్రంథంలో వ్రాశారు. సోదరుడు మరణించగానే మోజా రాజ్యభారం స్వయంగా వహిస్తానని ప్రకటించారట. మంత్రులు నివ్వెరపోయారు. ముఖానికి ముసుగు ధరించే ఆమె వారికి ఆజ్ఞలు ఇచ్చారు. శత్రువులు మస్కట్‌ను చుట్టుముట్టినప్పుడు, రాత్రివేళ పురుషవేషంలో కావలి స్థానాలను తనిఖీ చేశారు. ఒకసారి ఆ వేషంలోనే ఒక కావలివానికి లంచం ఆశ చూపి పరీక్షించారు. అతడు మండిపడి పట్టుకోబోగా, ఆమె ఎలాగో తప్పించుకొన్నారు. తరువాత అతనికి పెద్ద పదవి ఇచ్చారు. తూటాలకు సీసం అయిపోయినప్పుడు మేకులు, గులకరాళ్లు వాడించారు. అవీ చాలనప్పుడు ఖజానాలోని వెండి నాణేలను కరిగించి తూటాలు పోయించారు. నగరం నిలిచింది.

ఈ కథ చదివినప్పుడు మన రుద్రమదేవి గుర్తుకు రాక మానదు. గణపతిదేవుని కుమార్తె అయిన ఆమెను శాసనాలు రుద్రదేవ మహారాజు అని పురుషనామంతో పేర్కొన్నాయి. అయితే ఒక తేడా ఉన్నది. రుద్రమ సింహాసనం ఎక్కడానికి మగపేరు కావలసివచ్చింది. మోజాకు పురుషవేషం రాత్రి తిరగడానికి మాత్రమే పనికివచ్చింది. పగలు ఆమె స్త్రీగానే ఆజ్ఞాపించారు. కానీ సింహాసనం మాత్రం ఆమెది కాలేదు. మన ఊళ్లలో ధైర్యం గల ఆడపిల్లను మగరాయుడు అంటారు. అది మెప్పో, ఎత్తిపొడుపో అనే వారికే తెలియాలి. ధైర్యం మగవారి సొత్తు అని మాత్రం ఆ మాట ముందే ఒప్పేసుకొంటున్నది.

1832లో సయీద్ తూర్పు ఆఫ్రికాలో ఉండగా మళ్లీ తిరుగుబాటు లేచింది. అప్పటికి వృద్ధురాలైన మోజా మరొకసారి మస్కట్ రక్షణకు పూనుకొన్నారు. సయీద్ తరువాత జాంజిబారులో నివాసం ఏర్పరచుకొని, బానిసల శ్రమతో లవంగ తోటలు పెంచాడు. తోటలలో చెమటోడ్చినవారి సంతతి అయిన మనం ఆ మాట మరువరాదు.

1806 నుండి 1856 వరకు పాలకుల పట్టికలో సయీద్ పేరు ఒక్కటే ఉంటుంది. మోజా ముట్టడి కథ మనకు దక్కినది సల్మా వ్రాతవలన. సల్మా కాలంలో ఆ ఇంటి ఆడపిల్లలకు చదవడం నేర్పేవారు గాని, వ్రాయడం నేర్పేవారు కారు. ఆమె ఒంటె భుజపు ఎముకపై ఖురాన్ అక్షరాలను చూసి దిద్దుకొంటూ రహస్యంగా నేర్చుకొన్నారు. ఆమె గ్రంథం 1886లో జర్మన్ భాషలో వెలువడింది.